ఒట్టు, ఓటు, భయం: పాఠకుల ప్రశ్నలు

ఎన్నికలు సక్రమంగా జరగడానికి మామూలు మనుషులు ఏం చేయగలరని గత సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో చట్టం కంటే భయమే ఎక్కువ కనిపించింది: దేవుడి భయం, ఊరి పెద్దల భయం, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. ఇవి అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకే వర్తిస్తాయి. పంచాయతీ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అక్కడి పద్ధతి వేరు, ఫారాలు వేరు.

పోయినసారి ఇంటికొచ్చి కవరు చేతిలో పెట్టి, మా అత్తగారి చేత దేవుడి పటం మీద చెయ్యి వేయించి ఫలానా గుర్తుకే వేస్తానని ఒట్టు పెట్టించుకున్నారు. ఆవిడకు ఇష్టం లేకపోయినా దానికే వేశారు. ఈసారీ వస్తారు. మాట తప్పితే మనవలకు కీడు జరుగుతుందని ఆవిడ భయం. ఎలా నచ్చజెప్పాలి? (ఓ కోడలు)

ముందు చట్టం సంగతి. ఓటు ఇలా వేయకపోతే నీకు గానీ, నీవాళ్లకు గానీ దైవాగ్రహం తగులుతుందని నమ్మించడం భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్ ప్రకారం నేరం. పాత ఐపీసీలో 171సి కింద ఇదే ఉండేది. ‘నీవాళ్లకు’ అన్నది చట్టంలోనే ఉంది కాబట్టి మీ అత్తగారి మనవల భయం నేరుగా దాని కిందికే వస్తుంది. అభ్యర్థి గానీ, అతని ఎన్నికల ఏజెంటు గానీ ఈ పని చేసినా, వారి సమ్మతితో ఇంకెవరు చేసినా 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అది అవినీతి చర్య. కోర్టులో రుజువైతే ఎన్నికే రద్దవుతుంది.

మీ అత్తగారికి సెక్షన్లు చెబితే భయం పోదు. ఆవిడ నమ్మేది చట్టాన్ని కాదు, దేవుణ్ని. కాబట్టి ధర్మం వైపు నుంచే చెప్పండి. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ని చంపుతానని అర్జునుడికి ఓ ప్రతిజ్ఞ ఉంది. కర్ణపర్వంలో ఆ మాట ధర్మరాజు నోటి నుంచే వచ్చింది. అర్జునుడు కత్తి దూస్తే కృష్ణుడు అడ్డుపడి, నిజం చెప్పి అమాయకుల చావుకు కారణమై నరకానికి పోయిన కౌశికుడి కథ చెప్పాడు. పట్టిన మాటను గుడ్డిగా నెగ్గించుకోవడం ధర్మం కాదన్నది అక్కడ కృష్ణుడి వాదన. ముస్లిం కుటుంబాల్లో ఇదే సందేహం ఉంటే, ప్రమాణం భంగమైనప్పుడు ఏం చేయాలో ఖురాన్ 5వ సూరా 89వ ఆయత్ చెబుతుంది: పదిమంది పేదలకు అన్నం పెట్టడమో, బట్టలివ్వడమో చేయాలి. అందుకు స్తోమత లేనివారు మూడు రోజులు ఉపవాసం ఉండాలి. క్రైస్తవులకైతే హేరోదు ఉదంతం గుర్తు చేయొచ్చు. అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నానన్న మొహమాటంతో బాప్తిస్మమిచ్చు యోహాను తల తీయించాడు. ఆ ఒట్టు నిలబెట్టుకున్నందుకు అతన్ని ఎవరూ మెచ్చుకోలేదు.

ఇక ఈసారి గుమ్మం దగ్గర జరగాల్సింది. ‘డబ్బు తీసుకోండి, ఓటు మాత్రం మీ ఇష్టం’ అని వేదికల మీద చెప్పేవాళ్ల మాట వినొద్దు. ఓటు కోసం డబ్బు పుచ్చుకోవడమూ లంచమే. న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. పైగా ఒట్టుకు బలం వచ్చేదే ఆ కవరు వల్ల. పుచ్చుకున్నామన్న ఇబ్బంది లేకపోతే ఒట్టు భయమూ ఇంతగా పట్టుకోదు. వచ్చినవాళ్లతో అత్తగారు వాదించనక్కర్లేదు, మాట్లాడే పని మీరు పెట్టుకోండి. ‘కవరూ వద్దు, ఒట్టూ వద్దు, ఓటు వేయడానికి మాత్రం తప్పకుండా వెళ్తాం’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోండి. పటాన్ని ముందుగదిలోంచి లోపలికి మార్చినా తప్పు లేదు!

మా తండాలో ఎవరు ఎటు వేశారో వాళ్లకు తెలిసిపోతుందంటారు. ఇది నిజమా, బెదిరింపా?

సగం బెదిరింపు, సగం నిజం. ఆ సగం నిజాన్ని దాచి ‘ఓటు పూర్తిగా రహస్యం’ అని సర్దిచెప్పడం వల్లే జనం అసలు విషయాన్నీ నమ్మడం మానేశారు.

ఒక మనిషి ఓటు ఎవరికీ తెలియదు. ఓటేయడానికి వచ్చినవారి వివరాలు రాసే 17ఎ రిజిస్టర్‌లో మీ వరస నంబరు, సంతకం ఉంటాయి గానీ, ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్ ఏ ఓటు ఎవరిదో పేరుతో దాచదు. వీవీప్యాట్ (వేసిన ఓటును కాగితం మీద అచ్చువేసి చూపే యంత్రం) స్లిప్పు అద్దం వెనక 7 సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది. దాని మీద గుర్తు, అభ్యర్థి పేరు, క్రమసంఖ్య తప్ప మీ పేరు ఉండదు. అది మీ చేతికీ రాదు, కాబట్టి బయటికొచ్చి చూపించమని ఎవరూ అడగలేరు. ఫోన్‌తో ఫొటో తీసుకురమ్మంటే, పోలింగ్ కేంద్రంలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరని చెప్పేయండి.

బూత్ మొత్తంగా ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయన్నది మాత్రం బయటికొస్తుంది. లెక్కింపు పూర్తయ్యాక ఫారం 20లో పోలింగ్ కేంద్రాల వారీగా అంకెలు వస్తాయి. మీ తండాకు ఒకే బూత్ ఉంటే, ‘మీ తండాలో మాకు 40 ఓట్లే పడ్డాయి’ అని వాళ్లు అనగలరు. దీనికి విరుగుడుగా కొన్ని బూత్‌ల యంత్రాలను కలిపి లెక్కించే ‘టోటలైజర్’ను ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ 255వ నివేదిక కూడా దాన్ని సమర్థించింది. అమల్లోకి మాత్రం రాలేదు. బ్యాలెట్ పత్రాల కాలంలో ఓట్లను కలగలిపి లెక్కించే వీలుండేది, యంత్రాలు వచ్చాక ఆ రక్షణ పోయింది. మా దృష్టిలో ఇది పెద్ద లోటే.

కాబట్టి తండావాళ్లకు చెప్పాల్సింది ఇది: గుంపు లెక్క వాళ్లకు తెలుస్తుంది, ఆ గుంపులో నువ్వు ఎటు వేశావో తెలియదు. నువ్వు నోరు విప్పితేనే తెలుస్తుంది.

గోప్యత పాడయ్యేది ఎక్కువగా గదిలో బల్ల వేసిన తీరు వల్ల. ఓటు వేసే చోటు కిటికీ పక్కన ఉన్నా, వెనక తలుపు తెరిచి ఉన్నా, అభ్యర్థుల తరఫున కూర్చునే ఏజెంట్ల కుర్చీల నుంచి ఓటరు చేయి కనిపిస్తున్నా ముందే ప్రిసైడింగ్ అధికారికి (బూత్ బాధ్యత చూసే అధికారి) చెప్పి మార్పించాలి. నేరుగా బల్బు కిందా, ఎండ పడే చోటా వీవీప్యాట్ పెట్టకూడదు. ఎక్కువ వెలుతురు పడితే అది మొరాయిస్తుంది.

నాది ఏ పార్టీ కాదు. స్వచ్ఛందంగా బూత్‌లో కూర్చుని అక్రమాలు చూడొచ్చా? (డిగ్రీ విద్యార్థిని)

కుదరదు. బూత్ లోపలికి ఓటర్లు, పోలింగ్ సిబ్బంది, అభ్యర్థి, అతని ఏజెంట్లు, విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగులు, ఎన్నికల సంఘం అనుమతి ఉన్నవారు ఇలా కొద్దిమందికే ప్రవేశం. స్వచ్ఛంద సంస్థ గుర్తింపు కార్డు అక్కడ చెల్లదు. లోపల కూర్చోవాలంటే ఎవరో ఒక అభ్యర్థి, అవసరమైతే ఓ ఇండిపెండెంటు, మిమ్మల్ని ఏజెంటుగా నియమిస్తూ ఫారం 10 సంతకం చేసి ఇవ్వాలి. మీరు సాధారణంగా ఆ బూత్ ఓటరో, పక్క బూత్ ఓటరో అయి ఉండాలి, ఎవరూ దొరక్కపోతే అదే నియోజకవర్గంలో ఓటరైనా చాలు. ఇంట్లో ప్రభుత్వోద్యోగులెవరైనా ఉత్సాహపడితే ఆపండి. వాళ్లు ఏజెంటుగా కూర్చుంటే 1951 నాటి చట్టం 134ఎ సెక్షన్ కింద మూడు నెలల దాకా శిక్ష పడొచ్చు.

నిజానికి పార్టీలతో పనిలేనివాళ్లు చేయగల మంచి పని పోలింగ్ రోజున కాదు, కొన్ని నెలల ముందు ఉంటుంది. ముసాయిదా ఓటర్ల జాబితా వచ్చినప్పుడు మీ బూత్ భాగం డౌన్‌లోడ్ చేసి, ఇంటి నంబర్ల వారీగా విడగొట్టి, ఇద్దరు కలిసి వీధి వీధీ తిరగండి. మూడు గుర్తులు చాలు: చనిపోయినవారు, ఊరు విడిచినవారు, ఉండీ పేరు లేనివారు. ఒకే ఇంటి నంబరు కింద పదిమందికి పైగా ఉంటే అక్కడ రెండోసారి అడగండి. చాలాసార్లు అది మోసం కాదు, ఉమ్మడి కుటుంబమో, నంబరు తెలియక ‘0’ అని వేసిన పొరపాటో అయి ఉంటుంది. కొత్త పేరుకు ఫారం 6, సవరణకూ చిరునామా మార్పుకూ ఫారం 8, తొలగింపుకు ఫారం 7.

ఫారం 7 దగ్గర తొందరపడొద్దు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇవి కుప్పలుగా వచ్చి పడ్డాయి. తమ పేరుతో ఎవరో దరఖాస్తు పెట్టారని ఓటర్లే చెప్పడంతో కేసులు నమోదయ్యాయి. అబద్ధపు డిక్లరేషన్‌కు 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం ఉన్నవి మాత్రమే మీ పేరుతో పెట్టండి. ఊరు మారినవారి జాబితాను బీఎల్ఓకు (బూత్ స్థాయి అధికారి) రాతపూర్వకంగా ఇచ్చి, విచారణ ఆయనకు వదిలేయండి. నామినేషన్ల చివరి తేదీ దాటాక జాబితాలో చేర్పులూ తొలగింపులూ ఉండవు. ఆ తర్వాత పేరు లేదని ఎంత గొడవ చేసినా ఓటు రాదు.

ఓ ఇండిపెండెంటు అభ్యర్థి నన్ను ఏజెంటుగా పెడతానన్నారు. పొద్దున్నుంచి రాత్రి దాకా సరిగ్గా ఏం చూడాలి? అక్కడ తెలియనితనం బయటపడుతుందని భయంగా ఉంది.

ఈ భయానికి మందు ఉంది, ఓ చిన్న నోటుబుక్కు. ఏజెంటు పని మనుషుల్ని కనిపెట్టడం అనుకుంటారు. దాని కంటే అంకెల్ని కనిపెట్టడం ముఖ్యం.

పోలింగ్ మొదలయ్యే సమయానికి 90 నిమిషాల ముందు మాక్ పోల్ (యంత్రాన్ని పరీక్షించే నమూనా పోలింగ్) ఉంటుంది. పోలింగ్ ఏడింటికైతే మీరు ఐదున్నరకల్లా అక్కడుండాలి. ఏజెంట్లు రాకపోతే ఓ 15 నిమిషాలు చూసి మొదలుపెట్టేస్తారు. ఆలస్యంగా వెళ్లి ‘మా ఎదుట చేయలేదు’ అంటే ఎవరూ వినరు. మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేస్తారు. నోటాతో సహా ప్రతి అభ్యర్థికీ పడేలా చూడండి, ఎవరికెన్ని వేశారో రాసుకోండి. రిజల్ట్ బటన్ నొక్కినప్పుడు వచ్చే అంకెలు, వీవీప్యాట్ స్లిప్పుల లెక్క, మీ నోటుబుక్కు లెక్క మూడూ కలవాలి. తర్వాత క్లియర్ నొక్కి యంత్రాన్ని ఖాళీ చేస్తారు, స్లిప్పులు తీసి ముద్ర వేసి నల్ల కవరులో పెట్టి సీలు చేస్తారు.

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. హడావిడిలో క్లియర్ చేయడం మర్చిపోతారు. సాయంత్రం యంత్రంలో 50 ఓట్లు ఎక్కువ కనిపిస్తాయి, ఊరంతా రిగ్గింగ్ అంటుంది. అసలు పోలింగ్‌కు ముందు ‘ఒకసారి టోటల్ నొక్కి చూపించండి సార్’ అని అడగండి. సున్నా కనిపించాలి. వీవీప్యాట్ పెట్టె ఖాళీగా ఉందా అని కూడా తొంగి చూడండి.

ఆకుపచ్చ పేపర్ సీలు మీద సంతకం చేసే ముందు దాని నంబరు రాసుకోండి. కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్ (ఓటరు మీట నొక్కేది), వీవీప్యాట్ నంబర్లు, స్పెషల్ ట్యాగ్ నంబరు కూడా. మీ బూత్‌కు కేటాయించిన యంత్రాల నంబర్లు అభ్యర్థికి ముందే ఇస్తారు. ఆ కాగితం జిరాక్స్ తీసి జేబులో పెట్టుకోండి. మధ్యలో వీవీప్యాట్ ఒక్కటే చెడిపోతే దాన్నొక్కదాన్నే మారుస్తారు. బ్యాలెట్ యూనిట్టో కంట్రోల్ యూనిట్టో చెడిపోతే మొత్తం సెట్టు మార్చి, మళ్లీ కొద్దిపాటి మాక్ పోల్ జరపాలి. మార్చిన సమయం, అప్పటిదాకా పడిన ఓట్లు, కొత్త నంబర్లు రాసుకోండి.

పగటిపూట చేయకూడనిది ఒకటి: ఎవరెవరు ఓటేశారో నంబర్లు రాసి బయటికి చీటీలు పంపకండి. నిషేధం. పార్టీలవాళ్లు మామూలుగా అడుగుతారు, మీరు ఒప్పుకోవద్దు.

గడువు ముగిసే వేళకు వరుసలో ఉన్నవారందరికీ ఓటుంటుంది. అందుకు చివర నిలబడ్డ మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు స్లిప్పులిస్తారు. ముందు నుంచి ఇస్తుంటే అడ్డు చెప్పండి, వెనక కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు.

అందరూ వేశాక క్లోజ్ బటన్ నొక్కుతారు. అప్పుడు పడిన ఓట్ల లెక్క రాసే ఫారం 17సి మొదటి భాగం నింపుతారు. ఉదాహరణకు 17ఎ రిజిస్టర్‌లో చివరి వరస నంబరు 812. సంతకం పెట్టి కూడా వేయనన్నవారు ఇద్దరు, గోప్యత నిబంధన పాటించనందుకు వేయనివ్వనివారు ఒకరు. యంత్రంలో 809 ఉండాలి. తేడా ఉంటే కారణం కాగితం మీదికి రావాలి. ప్రతి ఏజెంటుకూ 17సి నకలు ఇవ్వడం ప్రిసైడింగ్ అధికారి బాధ్యత, ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49ఎస్ నిబంధనలోనే ఉంది. ‘రాత్రయింది, తర్వాత ఇస్తాం’ అంటే కుర్చీలోంచి లేవకండి. రోజంతా కూర్చుని ఈ ఒక్క కాగితం లేకుండా ఇంటికెళ్లిన ఏజెంటు వల్ల అభ్యర్థికి ఒరిగేదేమీ లేదు. లెక్కింపు రోజు టేబుల్ దగ్గర యంత్రం నంబరు, మొత్తం ఓట్లు పోల్చి చూసుకునేది దీంతోనే.

దొంగ ఓటు అని తెలిసినా పక్కింటివాళ్లని అడ్డుకోవడానికి నోరు రావడం లేదు. ఎలా?

మొదటి పోలింగ్ అధికారి పేరు గట్టిగా చదువుతారు. అభ్యంతరం అప్పుడే చెప్పాలి. ఏజెంటు రెండు రూపాయలు కట్టి ‘ఛాలెంజ్ చేస్తున్నాను’ అనాలి, ఆ మనిషి అసలు ఓటరు కాదనడానికి ఆధారం చూపాలి, గొడవపడక్కర్లేదు. ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారిస్తారు. మనిషి నిజమైనవాడైతే ఓటు వేస్తాడు. కాకపోతే పోలీసులకు అప్పగిస్తారు. మీ అభ్యంతరం సదుద్దేశంతో చేసినదైతే తప్పయినా రెండు రూపాయలు తిరిగొస్తాయి. అధికారి నిర్ణయించాక మీరు మళ్లీ వాదించొద్దు.

మీ ఓటే ఎవరో వేసేశారనుకోండి, ఇంటికి తిరిగి వెళ్లకండి. ‘టెండర్డ్ ఓటు’ అడగండి. యంత్రం మీద కాదు, బ్యాలెట్ పత్రం మీద వేయిస్తారు, ఫారం 17బిలో రాస్తారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు. అయినా తేడా స్వల్పంగా ఉండి కేసు కోర్టుకెక్కితే దానికి విలువుంటుంది. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో ముఖ్యమంత్రి రేసులో ఉన్న నాయకుడు ఓడింది ఒక్క ఓటుతో.

మా చర్చిలో ఆదివారం ఆరాధన తర్వాత ఓటు గురించి మాట్లాడమన్నారు. మాట్లాడొచ్చా?

ఓటు అమ్ముకోవద్దనో, తప్పక ఓటేయండనో నిక్షేపంగా చెప్పండి. అభ్యర్థి పేరు, పార్టీ, గుర్తు, ‘మనవాడు’ అన్న మాట వచ్చిన క్షణం అది వేరే విషయమైపోతుంది. గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏదైనా సరే, వాటి ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు వాడటం 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం కింద నేరం. శిక్ష ఐదేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. మతం పేరుతో ఓట్లడగడం అవినీతి చర్యేనని, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని వాడుకున్నా అంతేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీతో చెప్పింది. మీ తర్వాత మైకు ఎవరి చేతికి వెళ్తుందో కూడా ముందే కనుక్కోండి.

ప్రార్థన చేసుకునే వెళ్తున్నాను, అయినా గొడవ జరుగుతుందని వణుకు. ఫిర్యాదు చేస్తే నా పేరు బయటపడుతుందా?

వణుకు రావడం విశ్వాసం తక్కువై కాదు. గొడవలు జరిగిన ఊళ్లో భయపడటం తెలివైన పనే. ఏజెంటుగా కూర్చుంటే మీ మొహం ఊరంతటికీ తెలుస్తుంది, దాన్ని దాచలేం. ఇంట్లోవాళ్లు ఆ బరువు మోయలేమంటే కుర్చీ వదిలి, జాబితా పనో లెక్కింపు పనో తీసుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయడానికి సీ-విజిల్ యాప్ ఉంది. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఫొటో గానీ, రెండు నిమిషాల వీడియో గానీ యాప్‌లోనే తీయాలి, గ్యాలరీలో ఉన్నవి తీసుకోదు. తీసిన ఐదు నిమిషాల్లో పంపాలి. సిగ్నల్ లేని చోట చాలా ఫిర్యాదులు ఇక్కడే పోతాయి, అందుకని ముందు సిగ్నల్ చూసుకుని తీయండి. లొకేషన్ ఆన్‌లో లేకపోతే వెళ్లదు. 100 నిమిషాల్లో తేల్చాలన్నది నియమం. పేరు లేకుండా పంపితే ఏమైందో మీకు సమాచారం రాదు, అది తెలిసే ఎంచుకోండి. యాప్ లేనివారికి 1950 నంబరు ఉంది. ఫోన్‌లో కథంతా చెప్పొద్దు: బూత్ నంబరు, సమయం, ఏం జరుగుతోంది, ఎంతమంది, ఈ నాలుగూ చాలు.

బూత్‌ను ఆక్రమించేంత గొడవైతే మీరు అడ్డుపడొద్దు. ప్రిసైడింగ్ అధికారి వెంటనే కంట్రోల్ యూనిట్‌లో క్లోజ్ నొక్కాలి, నొక్కాక ఒక్క ఓటూ పడదు. రీపోలింగ్ నిర్ణయం ఎన్నికల సంఘానిది. గోడ వారకు జరిగి, సమయం గుర్తుపెట్టుకోండి. బయటపడ్డాక అదే రాత్రి అభ్యర్థి ద్వారా రిటర్నింగ్ అధికారికీ (నియోజకవర్గంలో ఎన్నిక నడిపే అధికారి), ఎన్నికల సంఘం పరిశీలకుడికీ రాతపూర్వకంగా ఇప్పించండి. ఇచ్చిన కాగితం నకలు మీద ముద్ర వేయించుకోండి.